తొలి నిమిషానికి మార్కులు వేసిన డాక్టరమ్మ

బడుల్లో చేరికల రోజులు రాగానే తల్లిదండ్రులు ఇంట్లో దాచిన ప్లాస్టిక్ కవరు ఒకటి బయటికి తీస్తారు. జనన ధ్రువీకరణ పత్రం, టీకాల కార్డు, ఆధార్ నకలు, వాటి అడుగున మడతలు పడ్డ ఆసుపత్రి డిశ్చార్జి కాగితం. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా, యానాంలోనైనా ఆ కాగితం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బిడ్డ బరువు, పుట్టిన వేళ, ఎన్ని వారాలకు కాన్పు అయింది అన్న వివరాల పక్కన చాలా కాగితాల్లో అప్గార్ అనే మాట కనిపిస్తుంది. దాని ఎదుట రెండు అంకెలు. 7, 9 అనో, 8, 9 అనో.

అది ఏదో యంత్రం పేరు అనుకునేవాళ్లున్నారు. ఐదు ఇంగ్లిషు మాటల తొలి అక్షరాలు కలిపి పెట్టిన పొట్టి పేరు అనుకునేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఆమె డాక్టర్ వర్జీనియా అప్గార్, అమెరికా వైద్యురాలు. ఆమె పోయి యాభై ఏళ్లు దాటింది. ఇవాళ్టికీ ప్రపంచంలో ఏ మూల ఆసుపత్రిలో బిడ్డ పుట్టినా మొదటి నిమిషంలోనే ఆమె పేరు తలుచుకుంటారు.

మార్కులు అనగానే మన ఇళ్లలో, మన బడుల్లో ఒక అర్థం స్థిరపడిపోయింది. అది పిల్లవాడి మీద పెద్దల తీర్పు. అప్గార్ పెట్టిన మార్కులు అందుకు పుట్టలేదు. ఎదురుగా ఉన్న పెద్దవాళ్లు ఈ క్షణంలో ఏం చేయాలో గుర్తుచేయడానికి పుట్టాయి. ఆ తేడా తెలియాలంటే ఆమె జీవితం కొంత తెలియాలి. అందుకే ఈసారి ఆమె కథ చెప్పాలనుకున్నాం.

వైర్‌లెస్, వయొలిన్ ఉన్న ఇల్లు

వర్జీనియా అప్గార్ 1909 జూన్ 7న న్యూజెర్సీ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్ పట్టణంలో పుట్టారు. ముగ్గురు పిల్లల్లో ఆమే చివరి సంతానం. తండ్రి చార్లెస్ బీమా రంగంలో పనిచేసేవారు. ఆయన ప్రాణం మాత్రం ఇంట్లో పెట్టుకున్న వైర్‌లెస్ పరికరాల మీద, నక్షత్రాలు చూసే దుర్భిణి మీద ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, న్యూయార్క్ దగ్గరి సేవిల్ స్టేషన్ నుంచి జర్మనీకి పోతున్న రేడియో సంకేతాలను ఆయన ఇంట్లో కూర్చుని మైనపు గొట్టాల మీద రికార్డు చేశారు. మామూలు వార్తల ముసుగులో రహస్య సమాచారం వెళ్తోందని దానివల్ల తేలింది. ఆ స్టేషన్‌ను అమెరికా ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అందరూ వినే శబ్దాన్నే చెవి పెట్టి జాగ్రత్తగా వినే అలవాటు ఆ ఇంట్లో ఉంది.

సంగీతమూ ఉంది. ఆమె చిన్నప్పుడే వయొలిన్ పట్టుకున్నారు, చివరిదాకా వదల్లేదు. జబ్బు కూడా ఆ ఇంటిని వదల్లేదు. ఒక అన్న క్షయతో చిన్న వయసులోనే పోయాడు. ఇంకో అన్నకు దీర్ఘకాలిక అనారోగ్యం. ఇంటికి డాక్టర్లు వస్తూ పోతూ ఉండటం చూస్తూ పెరిగిన పిల్ల, హైస్కూలు ముగిసేనాటికే డాక్టర్ని అవుతానని నిశ్చయించుకుంది.

మసాచుసెట్స్‌లోని మౌంట్ హోలియోక్ మహిళా కళాశాలలో జంతుశాస్త్రం చదివారు. స్కాలర్‌షిప్పులు చాలక రకరకాల పనులు చేశారు. ప్రయోగశాలకు కావలసిన వీధి పిల్లుల్ని పట్టి తేవడం కూడా అందులో ఒకటి. ఆ పనుల మధ్యనే కళాశాల పత్రికకు రాశారు, ఆటలు ఆడారు, వాద్యబృందంలో వయొలిన్ వాయించారు. 1929లో పట్టా పుచ్చుకుని అదే సెప్టెంబరులో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో చేరారు. తరగతిలో 90 మంది ఉంటే ఆడపిల్లలు తొమ్మిది మంది. చేరిన కొన్ని వారాలకే, అక్టోబరులో, అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. దేశమంతా మాంద్యంలో పడింది. అప్పు చేసి చదువు సాగించి 1933లో తరగతిలో నాలుగో స్థానంతో బయటికి వచ్చారు. అప్పటికి నెత్తిన దాదాపు 4,000 డాలర్ల బాకీ ఉంది. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం.

మూసుకున్న తలుపు

ఆమె కోరుకున్నది శస్త్రచికిత్స. అదే ఆసుపత్రిలో సర్జరీ శిక్షణకు చేరారు, చేయి మంచిదన్న పేరూ వచ్చింది. కానీ సర్జరీ విభాగాధిపతి డాక్టర్ అలెన్ విపుల్ ఆమెను పిలిచి ఆ దారి వద్దన్నారు. అంతకుముందు ఆయన తయారుచేసిన మహిళా సర్జన్లు రోగులు దొరక్క నిలదొక్కుకోలేకపోయారు. పైగా మాంద్యం. అప్పు నెత్తిన ఉన్న అమ్మాయి అలాంటి పందెం కాయగలదా? దానికి బదులు మత్తు వైద్యం నేర్చుకోమని సలహా ఇచ్చారు. అప్పట్లో మత్తు ఇవ్వడం ఎక్కువగా నర్సుల పని. డాక్టర్లు దాన్ని గొప్ప విద్యగా చూసేవారు కాదు. శస్త్రచికిత్స ముందుకు పోవాలంటే మత్తు వైద్యం ఎదగాలని మాత్రం విపుల్‌కు తెలుసు.

ఆ సలహాలో మేలు ఎంత, అన్యాయం ఎంత అని ఇప్పుడు తూకం వేయడం కష్టం. అప్గార్ దాన్ని తీసుకుని మనసు పెట్టి పనిలోకి దిగారు. ముందు నర్సుల దగ్గరే నేర్చుకున్నారు. 1937లో విస్కాన్సిన్ వెళ్లి డాక్టర్ రాల్ఫ్ వాటర్స్ దగ్గర, తర్వాత న్యూయార్క్ బెల్‌వ్యూ ఆసుపత్రిలో డాక్టర్ రోవెన్‌స్టైన్ దగ్గర శిక్షణ పొందారు. అక్కడి వైద్యులంతా మగవాళ్లు కావడంతో ఉండటానికి గది దొరకడమే ఒక సమస్య అయ్యేది. 1938లో కొలంబియాకు తిరిగివచ్చి మత్తు వైద్య విభాగానికి అధిపతి అయ్యారు. ఆ ఆసుపత్రిలో ఒక విభాగానికి మహిళ అధిపతి కావడం అదే మొదటిసారి.

పదకొండేళ్లు ఆ విభాగాన్ని నిలబెట్టారు. జీతాలు తక్కువ, పని ఎక్కువ, కలిసివచ్చే డాక్టర్లు కొద్దిమంది. 1949లో అది పూర్తిస్థాయి శాఖగా మారినప్పుడు ఆ పీఠం ఆమెకు దక్కలేదు, ఒక మగ సహోద్యోగికి వెళ్లింది. ఆ ఏడాదే ఆమె కొలంబియా వైద్య కళాశాలలో పూర్తి ప్రొఫెసర్ హోదా పొందిన తొలి మహిళ అయ్యారు. పాలన బాధ్యతలు తగ్గాయి. ఇక ఆమె కాన్పు గదికి వెళ్లారు.

ఆమె స్వభావం తెలిపే ఒక సంగతిని ఆమెతో పనిచేసినవాళ్లు చెప్పేవారు. సర్జరీ శిక్షణ రోజుల్లో ఆపరేషన్ తర్వాత ఒక రోగి చనిపోయారు. ఒక చిన్న రక్తనాళాన్ని తానే పొరపాటున బిగించానేమోనని అప్గార్‌కు అనుమానం. శవపరీక్షకు అనుమతి రాలేదు. ఆమె ఒంటరిగా శవాగారానికి వెళ్లి కోత విప్పి చూశారు. అనుమానం నిజమైంది. వెంటనే వెళ్లి సర్జన్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. తన తప్పును తానే వెతికి చూసే ఈ గుణం తర్వాత పెద్ద పనికే వచ్చింది.

తల్లి చుట్టూ పది మంది, బిడ్డ దగ్గర ఎవరు?

అప్పటికి అమెరికాలో కాన్పులు ఇళ్ల నుంచి ఆసుపత్రులకు మారిపోయాయి. బాలింత మరణాలు బాగా తగ్గాయి. ఏడాది లోపు పిల్లల మరణాలూ తగ్గుతూ వచ్చాయి. పుట్టిన మొదటి 24 గంటల్లో పోయే పిల్లల లెక్క మాత్రం కదలకుండా నిలిచిపోయింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. కాన్పు అవగానే అందరి చూపూ తల్లి మీదే ఉండేది. బిడ్డను తుడిచి, చుట్టి, పక్కన పెట్టేవారు. నీలంగా, మెత్తగా, ఊపిరి అందకుండా పుట్టిన బిడ్డల్లో కొందరిని ఇక బతకరని వదిలేసేవారు కూడా. ఏ బిడ్డ బాగుంది, ఏ బిడ్డ బాగాలేదు అని చెప్పడానికి అందరికీ ఒకే కొలత అంటూ లేదు.

ఆ మొదటి నిమిషాల్లో బిడ్డ ఒంట్లో జరిగేది చిన్న విషయం కాదు. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆక్సిజన్ అంతా మాయ నుంచి బొడ్డుతాడు గుండా వస్తుంది. ఊపిరితిత్తుల నిండా నీరే. గుండె నుంచి బయల్దేరిన నెత్తురులో కొద్ది భాగమే అటు వెళ్తుంది, మిగిలింది అడ్డదారుల్లో ఒంటికి పోతుంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో పెరిగే హార్మోన్ల వల్ల ఊపిరితిత్తుల్లోని నీరు ఇంకిపోవడం ఊపందుకుంటుంది. బయటపడి తొలి ఊపిరి తీయగానే గాలి గదులు విచ్చుకుంటాయి, అక్కడి రక్తనాళాలు వదులవుతాయి, నెత్తురు అటు మళ్లుతుంది. బొడ్డుతాడు కోశాక పాత అడ్డదారులు మూసుకోవడం మొదలవుతుంది. వెచ్చని నీటిలో ఉన్న ఒళ్లు ఒక్కసారిగా చల్లగాలిలో పడుతుంది, తన వేడిని తానే పుట్టించుకోవాలి. నిరంతరం అందిన చక్కెర ఆగిపోతుంది, కాలేయంలో దాచుకున్నది తీసి వాడుకోవాలి.

నెలల తరబడి అలవాటైన ఏర్పాటంతా కొన్ని నిమిషాల్లో మారిపోవాలన్నమాట. ఎక్కువ మంది పిల్లలు కేరుమని ఏడ్చి తామే దాటేస్తారు. సుమారు పది మందిలో ఒకరికి ఎవరో ఒకరి చేయి కావాలి. ఒళ్లు తుడిచి రుద్దడమో, గొంతు సర్దడమో, మాస్కుతో గాలి అందించడమో. ఆ ఒక్కరిని ఎవరు గుర్తుపట్టాలి? ఎంత త్వరగా?

ఐదు గుర్తులు, పది మార్కులు

ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక ఉదయం ఫలహారం దగ్గర ఒక వైద్య విద్యార్థి ఇదే ప్రశ్న అడిగాడట. పుట్టిన బిడ్డ స్థితిని ఎలా అంచనా వేయాలని. అప్గార్ చేతికి అందిన కాగితం మీద ఐదు గుర్తులు గబగబా రాసి, వాటిని పరీక్షించి చూడటానికి నేరుగా కాన్పు గదికి వెళ్లారని చెబుతారు.

ఆ ఐదూ పంతులమ్మలూ పంతుళ్లూ బోర్డు మీద రాసి చూపగలిగినంత తేలిక. గుండె కొట్టుకుంటోందా, నిమిషానికి 100 దాటిందా? ఊపిరి ఎలా ఉంది, గట్టిగా ఏడుస్తోందా? ముక్కులో సన్నని గొట్టం పెట్టినప్పుడో అరికాలు తట్టినప్పుడో ముఖం చిట్లిస్తోందా, తుమ్ముతోందా? కాళ్లూ చేతులూ ముడుచుకుని బిగువుగా ఉన్నాయా, గుడ్డలా వేలాడుతున్నాయా? ఒంటి రంగు ఎలా ఉంది? ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు. మొత్తం పది. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. కళ్లు, చెవులు, చేతివేళ్లు, ఒక గడియారం చాలు.

1952లో మత్తు వైద్యుల సదస్సులో ఆమె ఈ పద్ధతిని వివరించారు, 1953లో పత్రికలో అచ్చయింది. మొదట పుట్టిన 60 సెకన్లకు ఒకసారి చూసేవారు, తర్వాత ఐదో నిమిషంలోనూ చూడటం అలవాటైంది. మన డిశ్చార్జి కాగితంలో రెండు అంకెలు ఉండేది అందుకే. ఆ తొలి వ్యాసంలోనే ఆమె లెక్క చూపించారు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో 0 నుంచి 2 వచ్చినవాళ్లలో 14 శాతం మంది చనిపోయారు. 3 నుంచి 7 వచ్చినవాళ్లలో 1.1 శాతం. 8, 9, 10 వచ్చినవాళ్లలో 0.13 శాతం. ఒక నిమిషం శ్రద్ధగా చూస్తే ఎవరికి చేయి అందించాలో తెలుస్తుందన్న మాట అంకెల్లో రుజువైంది. 1960ల తొలి ఏళ్లలో డాక్టర్ జోసెఫ్ బటర్‌ఫీల్డ్ ఆమె ఇంటిపేరులోని ఐదు ఇంగ్లిషు అక్షరాలకు ఐదు గుర్తులను జత చేసి విద్యార్థులకు గుర్తుండేలా చేశారు. పొట్టి పేరన్న అపోహ అక్కడి నుంచే వచ్చింది.

ఇంకో నియమం ఆమె గట్టిగా చెప్పేవారు. కాన్పు చేసినవాళ్లు మార్కులు వేయకూడదు, పక్కనున్న వేరొకరు వేయాలి. తమ చేతుల్లో పుట్టిన బిడ్డ బాగుండాలన్న ఆశ కంటికి అడ్డం వస్తుందని ఆమెకు తెలుసు. పరీక్ష పేపర్లు దిద్దే మన ఉపాధ్యాయులకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు.

మార్కులు ఎవరికి పడ్డాయి?

ఈ కథలో మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన ఘట్టం ఇది. మార్కులు చేతికి రావడం మొదలయ్యాక అప్గార్, ఆమె సహచరులు డంకన్ హోలడే, స్టాన్లీ జేమ్స్ మరో ప్రశ్న వేసుకున్నారు. తక్కువ మార్కులు ఎందుకు వస్తున్నాయి? బిడ్డల నెత్తురు పరీక్షించి ఆక్సిజన్, ఆమ్లం కొలిచారు. తక్కువ మార్కులు వచ్చిన బిడ్డల నెత్తురులో ఆక్సిజన్ తక్కువ, ఆమ్లం ఎక్కువ అని తేలింది. పుట్టుకలో కాస్త ఊపిరాడకపోవడం సహజమే, దానంతట అదే సర్దుకుంటుందన్న పాత నమ్మకం వీగిపోయింది.

తర్వాత తల్లికి ఇచ్చిన మత్తుమందుల వైపు చూశారు. సైక్లోప్రొపేన్ అనే వాయువు ఇచ్చిన తల్లుల బిడ్డలు ఎక్కువ మందకొడిగా పుడుతున్నారని కనిపించింది. అది అప్గార్‌కు ఎంతో ఇష్టమైన మందు. ఏళ్ల తరబడి ఆమె చేతిలో నమ్మకంగా పనిచేసిన మందు. లెక్క చూశాక కాన్పుల్లో దాన్ని వాడటం మానేశారు.

బిడ్డకు వేసిన మార్కు తిరిగి తన మీదికే వచ్చింది, ఆమె తప్పించుకోలేదు. శవాగారానికి ఒంటరిగా వెళ్లిన ఆ యువతే ఇక్కడా కనిపిస్తుంది. తరగతిలో సగం మందికి లెక్కల్లో సున్నా వస్తే పిల్లల్ని తిట్టి ఊరుకునే పెద్దలున్నారు, తాము చెప్పిన తీరు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకునే పెద్దలూ ఉన్నారు. అప్గార్ రెండో రకం.

మూడు నాలుగు వారాల ముందు వచ్చిన బిడ్డ

ఆమె కొలత అన్ని బిడ్డలకూ ఒకేలా సరిపోతుందా? ఇక్కడే నెలలు నిండకుండా, అయితే మరీ ముందు కాకుండా పుట్టే పిల్లల సంగతి వస్తుంది. 34 వారాలు నిండాక 37 వారాల లోపు పుట్టేవాళ్లు వీళ్లు. అమెరికాలో నెలలు నిండకుండా పుట్టే పిల్లల్లో పది మందికి ఏడుగురు ఈ కోవలోకే వస్తారు. చూడటానికి నిండు నెలల బిడ్డలాగే ఉంటారు, కాకపోతే కాస్త చిన్న. రెండు కిలోలు, రెండున్నర కిలోలు. ఆ పోలికే చిక్కు తెచ్చింది. చాలాకాలం వీళ్లను దాదాపు నెలలు నిండినవాళ్ల కింద లెక్కవేశారు. 2005లో అమెరికా నిపుణులు సమావేశమై ఆ పిలుపు మార్చాలని, వీళ్లు నెలలు నిండని పిల్లలేనని గుర్తుంచుకోవాలని చెప్పారు.

ఎందుకంటే చివరి వారాల్లో జరిగే పని చాలా ఉంది. 34 వారాలకు మెదడు బరువు నిండు నెలల మెదడులో సుమారు 65 శాతమే. గాలి గదులు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే జిడ్డు పూత ఇంకా చాలినంత తయారై ఉండదు. ఊపిరితిత్తుల నీరు ఇంకే ఏర్పాటు పూర్తి కాదు. నొప్పులు రాకుండానే ఆపరేషన్ చేసి తీస్తే ఆ నీరు మరింత నిలుస్తుంది. అందుకే కొందరు పుట్టిన కొన్ని గంటలు గబగబా ఊపిరి తీస్తూ, మూలుగుతూ కనిపిస్తారు. ఒంట్లో కొవ్వు తక్కువ కనుక త్వరగా చల్లబడతారు. దాచుకున్న చక్కెర త్వరగా అయిపోతుంది. రొమ్ము పట్టి నాలుగు గుక్కలు తాగగానే అలిసి నిద్రపోతారు. బుద్ధిమంతుడు, ఏడవడు అని ఇంట్లోవాళ్లు మురిసిపోతారు, నిజానికి బిడ్డకు పాలు చాలడం లేదు. కాలేయం ఇంకా పక్వానికి రాక పసరికలు నిండు నెలల పిల్లలకన్నా ఎక్కువగా, ఆలస్యంగా ముదురుతాయి. అప్పటికి తల్లీ బిడ్డా ఇంటికి వచ్చేసి ఉంటారు.

ఈ బిడ్డలకు అప్గార్ 8, 9 రావచ్చు. ఆ అంకె మొదటి ఐదు నిమిషాల గురించే చెప్పింది, మొదటి వారం గురించి చెప్పలేదు. ఇంకా ముందు పుట్టిన బిడ్డకైతే కండరాల బిగువు, స్పందన సహజంగానే తక్కువ ఉంటాయి కనుక, జబ్బు లేకపోయినా మార్కు తగ్గవచ్చు. కాబట్టి మార్కు పక్కనే ఉన్న వారాల అంకెను కూడా చదవాలి. తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచడం, రెండు మూడు గంటలకోసారి లేపి మరీ పాలు పట్టడం, కళ్లు, ఒళ్లు పచ్చబడితే, పాలు తాగడం మానేస్తే, ఎగఊపిరి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లడం. వీళ్ల విషయంలో చేయాల్సింది చాలావరకు ఇదే.

ఈ కోవ బిడ్డ ఒకరి కథ 1963లో ప్రపంచమంతా విన్నది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ దంపతులకు ఆగస్టు 7న ఐదున్నర వారాల ముందే కొడుకు పుట్టాడు. పేరు పాట్రిక్, బరువు సుమారు రెండు కిలోల వంద గ్రాములు. ఊపిరితిత్తులు విచ్చుకోలేదు. దేశంలోని పేరుమోసిన వైద్యులంతా అందుబాటులో ఉన్నా, 39 గంటలకు బిడ్డ పోయాడు. ఆ జబ్బుకు సర్ఫాక్టెంట్ లోపమే మూలమని డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ, డాక్టర్ జెరె మీడ్ 1959లోనే గుర్తించారు. గొట్టం ద్వారా సర్ఫాక్టెంట్ అందించి పిల్లల్ని బతికించిన తొలి ఫలితాలు మాత్రం 1980లో జపాన్ నుంచి వచ్చాయి. ఇవాళ అంతే బరువుతో, అన్నే వారాలకు పుట్టే పిల్లలు సరైన సంరక్షణ అందితే ఎక్కువగా బతికి బడికి వస్తున్నారు.

యాభయ్యో ఏట మళ్లీ విద్యార్థిని

అప్గార్ 17,000 కాన్పుల్లో పాలుపంచుకున్నారని చెబుతారు. అంత అనుభవం ఉన్నా తన లెక్కలకు గణాంకశాస్త్రం ఇంకా బాగా తెలియాలనిపించి, యాభై ఏళ్లకు దగ్గరపడ్డాక సెలవు పెట్టి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరారు. 1959లో ప్రజారోగ్యంలో పట్టా తీసుకున్నారు. మళ్లీ కాన్పు గదికి రాలేదు. పోలియో మీద పోరాటంతో పేరు తెచ్చుకున్న మార్చ్ ఆఫ్ డైమ్స్ సంస్థ అప్పటికే పుట్టుకతో వచ్చే లోపాల వైపు మళ్లింది. ఆ విభాగాన్ని నడపడానికి ఆమెను పిలిచింది.

ఇక ఊరూరా తిరిగారు. అవయవ లోపంతో పుట్టిన బిడ్డను ఇంట్లో దాచుకునే కాలం అది. తల్లి చేసిన పాపమో, తండ్రి వంశ దోషమో అనే మాటలు అక్కడా ఉండేవి. ఆ సిగ్గును పోగొట్టడం ఆమె తన పనిగా పెట్టుకున్నారు. 1964-65లో అమెరికాను రుబెల్లా జ్వరం చుట్టుముట్టింది. గర్భిణులకు సోకడంతో దాదాపు 20,000 మంది పిల్లలు చెవుడు, కంటి లోపాలు, గుండె లోపాల వంటివాటితో పుట్టారు. టీకా వచ్చాక దాన్ని అందరికీ వేయించాలని గట్టిగా ప్రచారం చేసినవాళ్లలో అప్గార్ ఒకరు. మన బడుల్లో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం చాలామంది ఉపాధ్యాయులకు గుర్తుండే ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో అది మొదలైన తొలి ప్రాంతాల్లో కర్ణాటక, తమిళనాడు, యానాం ఉన్న పుదుచ్చేరి ఉన్నాయి. ఆ సూది వెనుక ఉన్న కారణం, ఆమె ఊరూరా చెప్పిన కారణం ఒకటే.

పని తప్ప వేరే లోకం లేని మనిషి అనుకోవద్దు. చేతిసంచిలో చిన్న కత్తి, గొంతులో వేసే గొట్టం పెట్టుకుని తిరిగేవారు, దారిలో ఎవరికైనా ఊపిరి ఆగితే అక్కరకు వస్తుందని. తపాలా బిళ్లలు సేకరించేవారు. యాభై దాటాక విమానం నడపడం నేర్చుకున్నారు. వయొలిన్, వయోలా, చెల్లో వంటి వాద్యాలను స్వయంగా తయారు చేశారు. వాద్యాలు చేయడంలో చేయి తిరిగిన కార్లీన్ హచిన్స్ ఆమె స్నేహితురాలు. ఆసుపత్రి టెలిఫోన్ బూత్‌లోని చెక్క అర మంచి మేపుల్ చెక్కదని చూసి, వయోలా వీపుకు బాగుంటుందని, ఇద్దరూ ఒక రాత్రి దాన్ని ఊడదీసి అలాంటి రంగే వేసిన మరో చెక్క బిగించి వచ్చిన కథ ప్రసిద్ధం. అంత నిక్కచ్చి మనిషిలోనూ ఈ అల్లరి ఉంది.

కాలేయ వ్యాధితో 1974 ఆగస్టు 7న, తాను అంతకాలం పనిచేసిన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. వయసు 65. పాట్రిక్ పుట్టింది కూడా ఆగస్టు 7నే. 1994లో అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో 20 సెంట్ల బిళ్ల విడుదల చేసింది. తపాలా బిళ్లల పిచ్చి ఉన్న మనిషికి తగిన గౌరవం. ఆ రోజు పిల్లల డాక్టర్లు నలుగురు ఆమె చేసిన వాద్యాల మీదే కచేరీ చేశారు.

మన చేతిలోని కాగితం

ఇప్పుడు ఆ ప్లాస్టిక్ కవరు దగ్గరికి వద్దాం. అప్గార్ మార్కు చూసి బిడ్డ తెలివిని అంచనా వేయకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఎన్నోసార్లు స్పష్టంగా చెప్పింది. మొదటి నిమిషంలో 4 వచ్చి ఐదో నిమిషంలో 9 వచ్చిన బిడ్డ కథలో ముఖ్యమైనది ఆ నాలుగు నిమిషాల మధ్య ఎవరో చేసిన పని. ఐదేళ్ల తర్వాత ఆ 4 పట్టుకుని మా వాడు పుట్టుకలోనే వెనక అని పిల్లవాడి ముందే చెప్పుకోవడం సరికాదు.

వారాల అంకెను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. 34, 35, 36 వారాలకు పుట్టిన పిల్లల్లో ఎక్కువ మంది తోటివాళ్లతో సమానంగానే చదువుతారు. కొందరికి మాత్రం చదవడంలో, లెక్కల్లో, కుదురుగా కూర్చోవడంలో కాస్త ఎక్కువ సమయం పడుతుందని పరిశీలనలు చెబుతున్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో వినే మన పిల్లవాడు మాట ఆలస్యం చేస్తే, రెండు భాషల వల్లే అని సర్దిచెప్పుకుని ఊరుకోవడం తేలిక. వినికిడి, చూపు పరీక్ష చేయించి, డాక్టరుకు చూపించి, అప్పుడు నిశ్చింతగా ఉండటం మేలు. తల్లిదండ్రులు ఎన్ని వారాలకు పుట్టాడో సిగ్గుపడకుండా టీచరుకు చెప్పాలి. టీచరు ఆ మాటను ముద్ర వేయడానికి కాక, ఒక ఏడాది కాస్త దగ్గరగా కనిపెట్టి చూడటానికి వాడుకోవాలి.

మొదటి యూనిట్ పరీక్ష మార్కులు వచ్చే రోజున అప్గార్ పద్ధతి ఒకసారి గుర్తుచేసుకుందాం. తక్కువ మార్కు కనిపించగానే ఆమె చూసింది గడియారం వైపు, తన చేతుల వైపు. ఐదో నిమిషానికి మళ్లీ వచ్చి చూశారు.